ఇన్ఫెక్షన్ సోకిన ఉపకళా కణం రాలిపోవడం రక్షణా, నష్టమా?

హన్మకొండ_మైక్రో

సభ్యులందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఉపకళా కణజాలం (పేగు, మూత్రాశయం వంటి అవయవాల ఉపరితలాన్ని కప్పే కణాల పొర) బ్యాక్టీరియా నుంచి తనను తాను ఎలా కాపాడుకుంటుందన్న అంశం మీద సెమినార్ ఇవ్వవలసి ఉంది. ఇంటర్ నుంచి నేను చదివిన పుస్తకాలన్నీ చర్మం, శ్లేష్మం, కన్నీరు, జఠర ఆమ్లం అని ఒక వరుస చెప్పి, వాటికి మొదటి రక్షణ వలయమని పేరు పెట్టి, వెంటనే తెల్ల రక్తకణాల దగ్గరికి వెళ్లిపోతాయి. ఈ మధ్య చదివిన వ్యాసాల్లో మాత్రం, బ్యాక్టీరియా చొరబడిన పేగు కణం తానే చనిపోయి, పొర నుంచి ఊడి పేగు బోలులోకి, అంటే పేగు లోపలి ఖాళీలోకి పడిపోతుందని, అది కూడా రక్షణే అని రాశారు.

ఇక్కడ నాకు రెండు సందేహాలున్నాయి. పేగు లోపలి ఉపకళ ఒకే ఒక్క కణం మందం కదా, అందులో ఒక కణం రాలిపోతే అక్కడ రంధ్రం పడి మిగతా బ్యాక్టీరియాకు దారి ఇచ్చినట్లు కాదా? రెండోది, రాలిపోవడం రక్షణే అయితే జిగట విరేచనాల్లో పెద్దపేగు పొర పుండ్లు పడటాన్ని ఏమనాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

గుంటూరు_పాథాలజిస్ట్

మీ మొదటి సందేహానికి సమాధానం కణం ఊడే తీరులోనే ఉందమ్మా. రాలబోయే కణం చుట్టూ ఉన్న పక్క కణాలు ఆక్టిన్, మయోసిన్ పోగులతో ఒక వలయం కట్టి, సంచి మూతిని తాడుతో బిగించినట్లు బిగిస్తాయి. బిగించేకొద్దీ మధ్యలోని కణం పైకి, అంటే పేగు బోలు వైపుకు నెట్టబడుతుంది. అది పూర్తిగా విడిపోకముందే పక్క కణాల అడుగు భాగాలు దాని కిందకు జరిగి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి కాబట్టి, సజావుగా జరిగినంతవరకు రంధ్రమనేది మిగలదు.

ఈ ఏర్పాటు ఇన్ఫెక్షన్ కోసం ప్రత్యేకంగా పుట్టింది కూడా కాదు. చిన్నపేగు బయాప్సీ స్లైడు చూసినప్పుడు లీబర్‌కూన్ గుహికల్లో, అంటే పేగు పొరలోని చిన్న గుంటల్లో విభజన చెందుతున్న కణాలు, చూషకాలనే వేళ్లలాంటి మడతల కొసల్లో ఊడే దశలో ఉన్న కణాలు కనిపిస్తాయి. గుహికలోని మూల కణాల నుంచి పుట్టిన కణం మెల్లగా పైకి జరుగుతూ కొసకు చేరి రాలిపోవడానికి దాదాపు 3 నుంచి 5 రోజులు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలోనూ ఇది నిరంతరం సాగుతూనే ఉంటుంది. బ్యాక్టీరియా సోకిన కణం చేసేదల్లా ఆ పాత ఏర్పాటునే తన వంతు రాకముందే, కొసకు చేరకముందే వాడుకోవడం. తనతో పాటు లోపలి బ్యాక్టీరియాను కూడా బయటకు తీసుకుపోతుంది.

జువాలజీ_మాస్టారు

డాక్టర్ గారు చెప్పింది సరిగ్గా ఉంది. అయితే సెమినార్‌ను చావుతో మొదలుపెడితే వినేవారికి క్రమం తప్పుతుంది. బ్యాక్టీరియా అసలు కణం దాకా రావడమే అరుదన్న సంగతి ముందు చెప్పాలి.

పెద్దపేగులో శ్లేష్మం రెండు పొరలుగా ఉంటుందని 2008లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. రెండూ మ్యూక్2 అనే ఒకే మ్యూసిన్ ప్రోటీన్‌తో తయారైనవే. బయటి పొర వదులుగా ఉండి బ్యాక్టీరియాకు నివాసమవుతుంది. కణాలను అంటిపెట్టుకుని ఉన్న లోపలి పొర దట్టంగా ఉండి, మామూలు పరిస్థితుల్లో బ్యాక్టీరియాను రానివ్వదు. మ్యూక్2 జన్యువు లేని ఎలుకల్లో బ్యాక్టీరియా నేరుగా కణాలను తాకుతుంది, ఆ ఎలుకలకు పెద్దపేగు వాపు వస్తుంది.

చిన్నపేగులో అంత దట్టమైన పొర ఉండదు. ఆహారాన్ని పీల్చుకోవలసిన చోట అడ్డుతెర మరీ దట్టంగా ఉంటే పని జరగదు. ఆ లోటును రసాయనాలు తీరుస్తాయి. గుహికల అడుగున ఉండే పానెత్ కణాలు బ్యాక్టీరియా గోడను కోసే లైసోజైమ్ ఎంజైమును, ఆల్ఫా డిఫెన్సిన్లనే చిన్న రక్షక ప్రోటీన్లను స్రవిస్తాయి. వాటిని 1888లో యోసెఫ్ పానెత్ వర్ణించాడు కనుక ఆ పేరు నిలిచింది. డిఫెన్సిన్లలో ఒకటైన హెచ్‌డీ6 పద్ధతి విచిత్రమైనది. అది బ్యాక్టీరియాను నేరుగా చంపదు, సన్నని పోగుల వలగా అల్లుకుని దానిని అందులో చిక్కించేస్తుంది. రెగ్3 గామా అనే మరో ప్రోటీన్ ముఖ్యంగా గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాను చంపుతూ, ఎలుక చిన్నపేగులో బ్యాక్టీరియాకూ కణాలకూ మధ్య సుమారు 50 మైక్రోమీటర్ల ఖాళీ ఉండేలా చూస్తుందని 2011లో తేలింది. వీటికి తోడు ఐజీఏ ప్రతిదేహం ఉంది. దానిని తయారుచేసేవి కింది పొరలోని ప్లాస్మా కణాలే అయినా, పైకి మోసుకువచ్చి బోలులోకి వదిలేది ఉపకళా కణమే.

లైసోజైమ్‌ను అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో ముక్కు చీమిడిలో గుర్తించాడు. పెనిసిలిన్ కంటే ఆరేళ్ల ముందటి మాట ఇది. ఆయన పేరు చెప్పగానే అందరికీ పెనిసిలినే గుర్తుకువస్తుంది కానీ, మన ఉపకళ తయారుచేసుకునే మందును ముందు చూసిందీ ఆయనే.

ప్రవాసి_ల్యాబ్

నేను పేగు ఉపకళా కణాల మీదే పనిచేస్తున్నాను, అందుకని కణానికి తనకు ఇన్ఫెక్షన్ సోకిన సంగతి ఎలా తెలుస్తుందో చెబుతాను. పెద్దపేగులో లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉన్నప్పుడు, బ్యాక్టీరియా కనిపించిన ప్రతిసారీ కణం చావడం మొదలుపెడితే పేగే మిగలదు. కాబట్టి కణం బ్యాక్టీరియా ఉందా లేదా అన్నదాని కంటే అది ఎక్కడ ఉందన్నది చూస్తుంది.

ఉదాహరణకు, బ్యాక్టీరియా ఈదడానికి వాడే తోక, అంటే కశాభంలోని ఫ్లాజెల్లిన్ ప్రోటీన్‌ను గుర్తించే టీఎల్‌ఆర్5 గ్రాహకం పేగు కణంలో ప్రధానంగా అడుగు వైపున, పక్కల వైపున ఉంటుంది. బోలులో ఈదులాడే బ్యాక్టీరియా వల్ల అది రేగదు, పొర దాటి కిందకు వచ్చినదాని వల్ల రేగుతుంది. అదే ఫ్లాజెల్లిన్ కణద్రవ్యంలో కనిపిస్తే పరిస్థితి మరింత తీవ్రమని అర్థం. సాల్మొనెల్లా, జిగట విరేచనాలు కలిగించే షిగెల్లా వంటి బ్యాక్టీరియా సూది లాంటి ఒక స్రావక పరికరంతో తమ ప్రోటీన్లను కణంలోకి ఎక్కిస్తాయి. ఆ సూది ముక్కలను గానీ ఫ్లాజెల్లిన్‌ను గానీ కణద్రవ్యంలోని నైప్ ప్రోటీన్లు పట్టుకుంటే, అవి ఎన్‌ఎల్‌ఆర్‌సీ4తో కలిసి ఇన్‌ఫ్లమసోమ్ అనే సముదాయంగా ఏర్పడతాయి. దానితో కాస్పేజ్ ఎంజైములు చైతన్యం పొంది గ్యాస్‌డెర్మిన్ డీ అనే ప్రోటీన్‌ను కోస్తాయి. కోసిన ముక్కలు కణ త్వచంలో రంధ్రాలు చేస్తాయి, కణం ఉబ్బి చనిపోతూ పొర నుంచి ఊడిపోతుంది. పోతూ పోతూ ఐఎల్‌18 వంటి సంకేతాలను విడుదల చేసి, కింద ఉన్న రోగనిరోధక కణాలను అప్రమత్తం చేస్తుంది.

మనిషి కణాల్లో కాస్పేజ్4 అనే మరో కాపలా ఉంది. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా బయటి త్వచంలోని లైపోపాలీశాకరైడ్ కణద్రవ్యంలోకి వస్తే, కాస్పేజ్4 దానిని నేరుగా పట్టుకుని గ్యాస్‌డెర్మిన్ డీని కోసేస్తుంది.

సందేహి

నేను జీవశాస్త్రం చదివినవాడిని కాను, బ్యాంకు ఉద్యోగిని. ఇదంతా చదివాక ఒక అనుమానం వచ్చింది. విరేచనం అయితే సోకిన కణాలూ బ్యాక్టీరియా బయటకు పోతున్నట్లే కదా? అలాంటప్పుడు విరేచనాలు ఆపే మాత్ర వేసుకోవడం తప్పా?

గుంటూరు_పాథాలజిస్ట్

జ్వరంతో, రక్తంతో కూడిన విరేచనాలున్నప్పుడు పేగు కదలికను ఆపే లోపెరమైడ్ వంటి మందులు వాడకూడదు, చిన్నపిల్లలకు అసలే ఇవ్వకూడదు. అయితే దీన్నిబట్టి విరేచనమంతా రక్షణేనని అనుకోకండి. కలరాలో ఉపకళ దాదాపు చెక్కుచెదరకుండానే ఉంటుంది. కలరా విషం కణాన్ని చంపకుండా, దాని చేత క్లోరైడునూ నీటినీ బయటకు పంపించేలా చేస్తుంది. ఆ విషం పేగు మీద పనిచేసే తీరును కలకత్తాలో శంభునాథ్ డే 1959లో కుందేలు పేగు ముడుల్లో నిరూపించారు. అక్కడ ప్రాణం తీసేది నీటి నష్టం, ప్రాణం నిలిపేది ఓఆర్‌ఎస్. షిగెల్లా రోగంలో మాత్రం ఉపకళే దెబ్బతింటుంది. రెండింటినీ విరేచనాలనే పిలుస్తాం కానీ, స్లైడు మీద రెండూ పూర్తిగా వేరు.

నిర్వాహకుడు

సొంత వైద్యం గురించిన ప్రశ్నలకు ఈ వేదిక ప్రత్యామ్నాయం కాదు, దయచేసి మీ వైద్యుడిని సంప్రదించండి. చర్చ కొనసాగించవచ్చు.

ప్రవాసి_ల్యాబ్

హన్మకొండ అమ్మాయి రెండో సందేహానికి షిగెల్లా కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1897లో జపాన్‌లో కియోషి షిగా కనుగొన్న ఈ బ్యాక్టీరియా పది నుంచి వంద దాకా కడుపులోకి పోయినా మనిషికి రోగం రావచ్చు. సాల్మొనెల్లాకు సాధారణంగా దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కావాలి. ఇంత తక్కువ సంఖ్యతో ఎలా నెగ్గుతుందన్న ప్రశ్నకు ఒక ముఖ్యమైన జవాబు, అది ఎక్కిన కణాన్ని రాలిపోనివ్వదు.

దాని ప్రోటీన్ల జాబితా చూస్తే ఉపకళ రక్షణలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుని వచ్చినట్లే ఉంటుంది. ఆస్ప్ఈ అనే ప్రోటీన్ కణాన్ని ఆధార త్వచానికి మరింత గట్టిగా అతికించి ఊడిపోకుండా పట్టి ఉంచుతుందని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు. ఆస్ప్‌సీ3 కాస్పేజ్4ను పనిచేయనివ్వదు. ఒకవేళ అది పనిచేసినా రంధ్రాలు పడకుండా ఐపాహెచ్7.8 అనే ఎంజైము మనిషి గ్యాస్‌డెర్మిన్ డీకి యుబిక్విటిన్ గుర్తు తగిలించి, కణం చేతనే దానిని నాశనం చేయిస్తుంది. ఈ వ్యవధిలో బ్యాక్టీరియా లోపల పెరిగి, ఆక్టిన్ తోక కట్టుకుని పక్క కణంలోకి నేరుగా దూరుతుంది. బోలులోకి రాదు కాబట్టి మాస్టారు చెప్పిన శ్లేష్మం, డిఫెన్సిన్లు, ఐజీఏ ఏవీ దాన్ని అందుకోలేవు.

ఇంకో విషయం. షిగెల్లాను నోటి ద్వారా ఇచ్చినా ఎలుకలకు మనుషులకు వచ్చినట్లు జిగట విరేచనాలు రావు. ఎందుకు రావో చాలాకాలం తెలియలేదు. 2020లో అమెరికా పరిశోధకులు నైప్, ఎన్‌ఎల్‌ఆర్‌సీ4 లేని ఎలుకలకు ముందు యాంటీబయోటిక్ ఇచ్చి, తరువాత షిగెల్లా పట్టించారు. వాటికి మనుషుల్లో లాంటి రోగమే వచ్చింది. అంటే మామూలు ఎలుకను కాపాడుతున్నది సోకిన ఉపకళా కణం తొందరగా చనిపోయి ఊడిపోవడమే. ఆ ఒక్క ఏర్పాటు తీసేసరికి రోగం మొదలైంది.

హన్మకొండ_మైక్రో

చాలా ధన్యవాదాలండీ. అయితే కణం రాలిపోకుండా షిగెల్లా ఆపుతుంటే, చివరికి పుండ్లు ఎలా పడుతున్నాయి? ఈ రెండూ పొసగడం లేదు.

ప్రవాసి_ల్యాబ్

ఇక్కడ చూడవలసింది ఎప్పుడు, ఎన్ని కణాలు రాలుతున్నాయన్నది. మొదటి గంటల్లో సోకిన కణాలు మాత్రమే ఒక్కొక్కటిగా ఊడిపోతే బ్యాక్టీరియా సంఖ్య తక్కువగా ఉంటుంది, పొర అతుక్కుంటుంది. ఆ అవకాశం తప్పిపోతే బ్యాక్టీరియా కింది పొరలకు చేరుతుంది, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపులుగా వస్తాయి, టీఎన్‌ఎఫ్ వంటి వాపు సంకేతాలు పెరుగుతాయి. అప్పుడు సోకినవీ సోకనివీ అన్న తేడా లేకుండా ఉపకళ పట్టీలు పట్టీలుగా పోతుంది. సాల్మొనెల్లా పట్టించిన ఎలుకల్లో 2021లో ఇదే కనిపించింది. ఉపకళలో నైప్, ఎన్‌ఎల్‌ఆర్‌సీ4 ఉన్న ఎలుకల్లో పొర నిలబడింది, లేనివాటిలో రెండు మూడు రోజులకు టీఎన్‌ఎఫ్ వల్ల పొర ధ్వంసమైంది. కాబట్టి శీర్షికలో మీరు అడిగినదానికి నా సమాధానం ఇది: తొందరగా, విడివిడిగా రాలడం రక్షణ, ఆలస్యంగా మూకుమ్మడిగా రాలడం ఆ రక్షణ విఫలమైన తరువాత వచ్చే రోగం.

జువాలజీ_మాస్టారు

బాగా చెప్పారు బాబూ. షిగెల్లా పైనున్న రసాయన రక్షణను కూడా ఊరికే వదలదు. ఢాకాలోని అతిసార పరిశోధన కేంద్రంలో రోగుల పురీషనాళ ఉపకళను పరీక్షించినప్పుడు, బ్యాక్టీరియాను చంపే ఎల్‌ఎల్37 అనే పెప్టైడ్ ఉత్పత్తి రోగం తొలిదశలో పడిపోయి కనిపించిందని 2001లో ప్రచురించారు. పేగు బ్యాక్టీరియా పీచు పదార్థాన్ని పులియబెట్టినప్పుడు పుట్టే బ్యూటిరేట్‌ను కుందేళ్లకు ఇస్తే ఆ పెప్టైడ్ తిరిగి పెరిగి రోగం తగ్గిందని 2006లో అదే కేంద్రం వారు స్వీడన్ వారితో కలిసి చూపించారు. బయటి బ్యాక్టీరియాకు మందును ఇంటి బ్యాక్టీరియా తయారుచేయడం నాకు చాలా నచ్చిన ఫలితం.

గుంటూరు_పాథాలజిస్ట్

మాస్టారూ, మనుషుల్లో ఆ ఫలితం అంత ముచ్చటగా లేదండీ. బ్యూటిరేట్‌ను ఎనిమాగా ఇచ్చిన పరీక్షలో ఎల్‌ఎల్37 పెరిగింది, కణజాలంలో వాపు కూడా తొందరగా తగ్గింది, కానీ రోగి కోలుకునే వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్లందరికీ యాంటీబయోటిక్ ఇస్తూనే ఉన్నారన్నది గుర్తుంచుకోవాలి.

నేను పేగును వదిలి మూత్రాశయం గురించి చెప్పదలిచాను, ఎందుకంటే అక్కడ లెక్క తిరగబడుతుంది. మూత్రాశయం లోపలి ఉపకళలో అన్నింటికంటే పైన గొడుగు కణాలుంటాయి. స్లైడు మీద ఇవి పెద్దగా, వెడల్పుగా, చాలాసార్లు రెండు కేంద్రకాలతో కనిపిస్తాయి. పై ముఖాన్ని యూరోప్లాకిన్ ప్రోటీన్ల పలకలు కప్పి ఉంచుతాయి. పేగు కణం వారం కూడా బతకదు, గొడుగు కణం మాత్రం నెలల తరబడి ఉంటుంది. మూత్రంలోని విషపదార్థాలకు తట్టుకోవలసిన పొర తరచూ మారుతుంటే పనిచేయదు. ఇక్కడ రోజువారీ రాలడం దాదాపు లేదు, రాలితే అది ఆపద్ధర్మమే.

మూత్ర ఇన్ఫెక్షన్లలో అత్యధిక భాగానికి కారణమైన ఈ.కోలి, తన రోమాల కొనలోని ఫిమ్‌హెచ్ ప్రోటీన్‌తో యూరోప్లాకిన్ మీది మానోజ్ చక్కెరను పట్టుకుని లోపలికి చొరబడుతుంది. అలా సోకిన ఎలుక మూత్రాశయంలో గంటల వ్యవధిలోనే గొడుగు కణాలు ఊడి మూత్రంలో కొట్టుకుపోతాయని 1998లో సెయింట్ లూయిస్ పరిశోధకులు చూపించారు. ఫిమ్‌హెచ్ లేని ఈ.కోలితో అది జరగలేదు. ఇంతవరకు రక్షణే. చిక్కు ఏమిటంటే, గొడుగు కణాలు పోయిన చోట కింద ఉన్న లేత కణాలు బయటపడతాయి. కొన్ని బ్యాక్టీరియా వాటిలోకి చేరి, పెరగకుండా నిద్రాణంగా ఉండిపోతాయి. యాంటీబయోటిక్ కోర్సు పూర్తయినా అవి అక్కడే ఉండవచ్చు, ఆ కణాలు పెరిగి పైకి వచ్చినప్పుడు మళ్లీ లేవవచ్చు. ఇది ఎలుకల్లో స్పష్టంగా చూసిన సంగతి. గొడుగు కణాల్లో బ్యాక్టీరియా గుంపు కట్టే దశకు ఆధారాలు మాత్రం ఇన్ఫెక్షన్ ఉన్న స్త్రీల మూత్రంలోనూ 2007లో దొరికాయి. తిరగబెట్టే ఇన్ఫెక్షన్లన్నీ ఇలాగే వస్తాయని కాదు, పేగు నుంచి కొత్తగా వచ్చి సోకేవి కూడా చాలా ఉంటాయి.

ల్యాబ్ రిపోర్టులో 'ఎపిథీలియల్ సెల్స్' ఎక్కువగా ఉన్నాయని కంగారుపడేవారి కోసం ఒక మాట. అవి చాలావరకు మూత్రమార్గం చివరి నుంచి, బయటి చర్మం నుంచి వచ్చిన పొలుసు కణాలు. మొదటి ధారను వదిలేసి మధ్య ధార పట్టకపోతే అవే ఎక్కువగా వస్తాయి. వాటిని చూసి మూత్రాశయం పొర ఊడిపోతోందని అనుకోనక్కరలేదు.

కోనసీమ_పాఠకురాలు

డాక్టర్ గారూ, ఫిమ్‌హెచ్ మానోజ్‌ను పట్టుకుంటుందన్నారు కదా. డీ మానోజ్ పొడి తాగితే బ్యాక్టీరియా దానినే పట్టుకుని బయటకు పోతుందని ప్రకటనల్లో చెబుతున్నారు. అది నిజమేనా?

గుంటూరు_పాథాలజిస్ట్

ఆలోచన తర్కానికి సరిపోతుంది, శరీరం కూడా ఆ పనే చేస్తుంది. మూత్రపిండాల ఉపకళా కణాలు యూరోమాడ్యులిన్ అనే ప్రోటీన్‌ను మూత్రంలోకి వదులుతాయి. మామూలు మూత్రంలో అన్నింటికంటే ఎక్కువగా ఉండే ప్రోటీన్ అదే. దాని మీదా మానోజ్ ఉంటుంది కనుక ఈ.కోలి మూత్రాశయ గోడను పట్టుకోవడానికి బదులు దాన్ని పట్టుకుని మూత్రంతో వెళ్లిపోతుంది. అయితే తాగే పొడి సంగతి వేరు. తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే 598 మంది స్త్రీలకు ఆరు నెలలు రోజూ డీ మానోజ్ గానీ ఉత్త పొడి గానీ ఇచ్చి బ్రిటన్‌లో చేసిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. డబ్బు పెట్టి కొనమని నేను చెప్పను.

సందేహి

మరి జంతువుల్లోనో, తర్కంలోనో బాగున్నది మనిషిలో అంతగా పనిచేయకపోవడం ఈ చర్చలోనే రెండుసార్లు విన్నాను. పైన చెప్పిన నైప్, ఎన్‌ఎల్‌ఆర్‌సీ4 సంగతి మనిషికి వర్తిస్తుందని ఎలా నమ్మాలి?

ప్రవాసి_ల్యాబ్

అడగవలసిన ప్రశ్నే అడిగారండీ. యథాతథంగా వర్తించదు. 2009లో నెదర్లాండ్స్‌లో పేగు మూల కణాల నుంచి ఆర్గనాయిడ్లను, అంటే గిన్నెలో పెరిగే చిన్న పేగు నమూనాలను పెంచే పద్ధతి వచ్చాక, మనిషి పేగు ఉపకళను గిన్నెలో పెంచి నేరుగా పరీక్షించడం సాధ్యమైంది. రెండు రకాల ఆర్గనాయిడ్లకూ సాల్మొనెల్లా పట్టించి చూస్తే, ఎలుక కణాలు ప్రధానంగా నైప్, ఎన్‌ఎల్‌ఆర్‌సీ4 మీద ఆధారపడ్డాయి, మనిషి కణాల్లో కాస్పేజ్4దే పైచేయిగా కనిపించింది. సోకిన కణాన్ని బయటకు నెట్టడం రెండింటిలోనూ ఉంది, దాన్ని పసిగట్టే కాపలాదారు మారాడు. షిగెల్లా దగ్గర కాస్పేజ్4ను ఆపే ప్రోటీన్, మనిషి గ్యాస్‌డెర్మిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉండటాన్ని ఇప్పుడు మళ్లీ చూడండి. అది మనుషుల్లో ఆరితేరిన బ్యాక్టీరియా కనుక మనిషి కాపలాదారునే లక్ష్యంగా చేసుకుంది. అమ్మా, మీ సెమినార్‌లో ప్రతి ఫలితం పక్కనా అది ఎలుకదో, మనిషి ఆర్గనాయిడ్‌దో, రోగి కణజాలానిదో ఒక మాట రాయండి. పరీక్షకులు మొదట అడిగేది అదే.